నాన్న సీనియారిటీ, నా ప్రిన్సిపాల్ చదువు

"హెడ్మాస్టర్ అవడానికి కూడా యూనివర్సిటీలో చదువుంటుందా?" అని నాన్న అడిగారు. 2021 వేసవిలో సంగతి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేను, ఒంగోల్లో నాన్న, మధ్యలో వాట్సాప్. ఉంటుందని చెప్పాను. రెండేళ్లు పడుతుందన్నాను. ఫీజు ఎంతో కూడా చెప్పాక ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు.

నాన్న ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్‌గా చేసి 2009లో రిటైరయ్యారు. స్కూల్ అసిస్టెంట్‌గా ఏళ్ల తరబడి చేశాక సీనియారిటీ లిస్టులో పేరు పైకొచ్చింది, ప్రమోషన్ వచ్చింది. ఆ లిస్టులో పేరుంటే చాలదు, జీఓటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్), ఈఓటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్) అనే డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై ఉండాలి. టీచర్ల ఇళ్లలో పెరిగినవాళ్లకి 88, 97, 141 అనే పేపర్ కోడ్‌లు ఎక్కాల్లాగా నోటికొస్తాయి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా వరండాలో ఇద్దరు సార్లు, నాన్న కూర్చుని ట్రెజరీ కోడ్‌లో ఏ రూలు ఏ పేజీలో ఉందో ఒకళ్లకొకళ్లు అప్పజెప్పుకునేవాళ్లు. పుస్తకం పక్కన పెట్టుకుని రాసే పరీక్షే, కానీ పేజీ దొరక్కపోతే టైమైపోతుంది కదా. సెలవు జీతం ఎలా లెక్కకట్టాలి, క్యాష్ బుక్ ఎలా రాయాలి, సస్పెన్షన్‌లో ఉన్నవాడికి ఎంత ఇవ్వాలి, ఇవీ ప్రశ్నలు. పిల్లల గురించి గానీ పాఠం గురించి గానీ ఒక్క ప్రశ్న ఉన్నట్టు నాకు గుర్తులేదు.

నేను ఇక్కడికి పెళ్లయ్యాక హెచ్4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వచ్చాను. 2015లో హెచ్4 వాళ్లకి పని చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలైంది. ఇండియాలో చేసిన బీఎస్సీ, బీఎడ్ కాగితాలు ఇవాల్యుయేషన్‌కి పంపి, ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ (డిగ్రీ ఉన్నవాళ్లు మళ్లీ కాలేజీకి వెళ్లకుండా టీచర్ అయ్యే దారి) చేసి, 2016లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో లెక్కల టీచర్‌గా చేరాను. ఐదేళ్లకి మా ప్రిన్సిపాల్ ఒకరోజు కారిడార్‌లో ఆపి, "నువ్వు ప్రిన్సిపాల్ ప్రోగ్రాం ఎందుకు చేయవు?" అని అడిగారు. ఆవిడ ఆ మాట చాలామందిని అడుగుతుందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నన్నొక్కదాన్నే ఎంచుకున్నారనుకుని పొంగిపోయాను.

టెక్సస్‌లో ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ రావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, క్లాసులో కనీసం 2 ఏళ్లు పాఠం చెప్పి ఉండాలి, రాష్ట్రం గుర్తించిన ప్రోగ్రాం పూర్తిచేయాలి. అందులో 160 గంటల ప్రాక్టికమ్ ఉంటుంది, అంటే ఒక బడిలో ప్రిన్సిపాల్ పక్కన ఉండి ఆ పనులు చేయడం. చివర్లో రెండు పరీక్షలు. వాటి నంబర్లు 268, 368. ఇది విని నాన్న మొదటిసారి నవ్వారు. "మీకూ కోడ్‌లేనా అమ్మాయ్!"

నేను చేరింది ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో ఎంఎడ్. వారానికో సాయంత్రం క్లాసు, నెలకో శనివారం, మిగతాదంతా ఆన్‌లైన్. మా బ్యాచ్‌లో 18 మందిమి. మొదటి క్లాసులో ప్రొఫెసర్ చదవమని ఇచ్చిన వ్యాసం ఇలాంటి చదువుల్ని ఏకిపారేసేది. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీకి అధ్యక్షుడిగా ఉన్న ఆర్థర్ లెవీన్ 2005లో ఇచ్చిన రిపోర్టు మీద రాసింది. ప్రిన్సిపాళ్లని తయారుచేసే కోర్సులు చాలావరకు ఒకదానికొకటి సంబంధం లేని క్లాసుల మూటలనీ, ఎవరొచ్చినా సీటిస్తారనీ, చాలామంది జీతం పెరుగుతుందని మాత్రమే చేరతారనీ అందులో ఉంది. చదివించి ప్రొఫెసర్ అందర్నీ అడిగారు, మీరెందుకు చేరారని. ఒకాయన నిజాయితీగా, "మాస్టర్స్ ఉంటే మా డిస్ట్రిక్ట్‌లో అదనంగా డబ్బిస్తారు" అన్నాడు. డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ ఒక ప్రాంతంలోని బడులన్నిటినీ నడిపే సంస్థ. అందరం నవ్వాం. నేను పిల్లల భవిష్యత్తు గురించి ఏదో చెప్పాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, నాక్కూడా క్లాసు రూం నుంచి బయటపడాలనే కోరిక కొంత లేకపోలేదు.

లెవీన్ చెప్పింది మా కోర్సులో కొంతవరకు నిజమే. స్కూల్ ఫైనాన్స్ కోర్సు ఐదు వారాల్లో ముగిసింది. ఆస్తి పన్ను ఎక్కువ వచ్చే డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం కొంత వెనక్కి తీసుకునే పద్ధతిని ఇక్కడ 'రాబిన్ హుడ్' అంటారని గుర్తుంది, మిగతాది పరీక్ష రాసిన రాత్రే ఎగిరిపోయింది. ఆన్‌లైన్ డిస్కషన్‌ల సంగతి సరేసరి. వారానికి ఒక పోస్టు, ఇద్దరికి జవాబు. "నీ ఆలోచన నాకు చాలా నచ్చింది, నేను కూడా అలాగే అనుకుంటున్నాను" అని రెండేళ్లలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆదివారం రాత్రి 11:50కి పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నెలు తోమి, కళ్లు మూతలు పడుతుంటే రాసే మాటలు ఇంకెలా ఉంటాయి? బడుల చట్టాల కోర్సు మాత్రం బాగా చెప్పారు. టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్‌లో 37వ అధ్యాయం క్రమశిక్షణ గురించి. పిల్లాణ్ని ఎప్పుడు సస్పెండ్ చేయొచ్చు, ఎన్ని రోజులు, ఎవరికి చెప్పాలి అన్నీ నిజమైన కేసులతో చెప్పారు. నాన్న ట్రెజరీ కోడ్‌తో కుస్తీ పట్టినట్టే నేనూ దాంతో పట్టాను.

అసలు చదువు రెండో సెమిస్టర్‌లో మొదలైంది, క్లాసు చూడడం నేర్పే కోర్సుతో.

ప్రొఫెసర్ పది నిమిషాల వీడియో వేశారు. నాలుగో తరగతి, భిన్నాల పాఠం. చూసింది రాయమన్నారు. నేను రాసింది ఇది: "టీచర్ చాలా ఓపికగా చెప్పారు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. పాఠం బాగుంది." నా కాగితం తీసుకుని ఆవిడ మెల్లగా అడిగారు. "శ్రద్ధ ఎక్కడ కనిపించింది? ఎవరిలో? ఏ నిమిషంలో?" నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వేశారు. ఈసారి విన్న మాట విన్నట్టు, వీడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకనో దాంతో సహా రాయాలి, బాగుంది బాలేదు అనే మాటే రాకూడదు. రెండోసారి రాసినది ఇంకా నా దగ్గరుంది. "2:10, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని అడిగారు. 2:11, ఎర్ర చొక్కా పాప చెయ్యెత్తింది. 2:12, టీచరే జవాబు చెప్పారు." పది నిమిషాల్లో 14 ప్రశ్నలు, అందులో 9కి ఆ టీచరే జవాబు చెప్పుకున్నారు. మొదటిసారి చూసినప్పుడు ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. నాకు కనిపించింది మాత్రం ఓపిక! ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక సెకను కన్నా ఎక్కువ ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లలు పొడుగ్గా జవాబు చెప్తారనీ మేరీ బడ్ రో అనే ఆవిడ ఎప్పుడో కనిపెట్టారట. బీఎడ్‌లో ఈ ముక్క నేను కంఠతా పెట్టే ఉంటాను. గడియారం పెట్టుకుని చూడడం మాత్రం అదే మొదలు.

మర్నాడు నా సొంత క్లాసులో ఫోన్ రికార్డింగ్ పెట్టుకున్నాను. ఎన్ని సెకన్లు ఆగానో ఇక్కడ రాయను.

నాన్నకి చెప్తే, "మేమూ చూసేవాళ్లం క్లాసులు" అన్నారు. నిజమే, చూసేవారు. చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో నడుస్తూ కిటికీలోంచి ఒక చూపు. గోల లేకపోతే క్లాసు బాగా జరుగుతున్నట్టు. లోపలికి వెళ్లి కూర్చోవడమంటే ఆ మాస్టారి మీద నమ్మకం లేదని చెప్పినట్టే. యూనియన్ వాళ్లు ఊరుకోరు, పైగా ఆయన నాన్న కన్నా రెండేళ్లు సీనియర్ అయ్యుంటారు. డిప్యూటీ ఈఓ ఇన్‌స్పెక్షన్‌కి వస్తే చూసేది రిజిస్టర్లే. ఇది నాన్న తప్పని నేననను. ఆయనకి ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. ఢిల్లీలో నీపా అనే విద్యా ప్రణాళికా విశ్వవిద్యాలయంలో 2012 నుంచి స్కూల్ లీడర్‌షిప్‌కి ఒక జాతీయ కేంద్రం ఉంది. హెడ్మాస్టర్లకి ఆన్‌లైన్ కోర్సులు కూడా పెట్టారు. నాన్న అప్పటికే రిటైరై మూడేళ్లు. అయినా కుర్చీలో కూర్చోబెట్టాక ఇచ్చే ట్రైనింగు, కూర్చోకముందు చదివించే చదువు ఒకటి కాదని నాకనిపిస్తుంది. ముందే చదివితే, ఈ పని మనకొద్దు అనుకునే అవకాశమైనా ఉంటుంది. మా 18 మందిలో ముగ్గురు అలాగే అనుకుని, డిగ్రీ తీసుకుని మళ్లీ హాయిగా క్లాసులకే వెళ్లిపోయారు.

ప్రాక్టికమ్ మా స్కూల్లోనే చేశాను. 160 గంటలు అంటే ఏముందిలే అనుకున్నా. రోజంతా పాఠం చెప్తూ, ప్లానింగ్ పీరియడ్‌లో, బడి కాకముందు, బడి అయ్యాక దొరికిన అరగంటలు ఏరుకుంటూ పోగేయాలి. మొదటి 30 గంటలు పిల్లల్ని దింపడానికి వచ్చే కార్ల లైనులో, లంచ్ డ్యూటీలో, బస్ డ్యూటీలోనే పోయాయి. మా ప్రిన్సిపాల్‌కి మనిషి కరువు, నాకు గంటలు కావాలి, ఇద్దరికీ కుదిరింది. యూనివర్సిటీ నుంచి ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వచ్చే పెద్దాయన నేను గంటలు రాసుకున్న లాగ్ చూసి, "కెచప్ పొట్లాలు చించివ్వడం నాయకత్వం కాదమ్మా" అని మా ప్రిన్సిపాల్ ముందే అన్నాడు. ఆవిడ ముఖం మాడ్చుకుంది గానీ, ఆ వారం నుంచే నాకు అసలు పని ఇచ్చింది.

ఆ పనే 368కి నా మొదటి టాస్క్ అయింది. ఈ 368 అనేది కూర్చుని రాసే పరీక్ష కాదు. మూడు పనులు బడిలో నిజంగా చేసి, ఆధారాలు పెట్టి, ఏం చేశామో ఎందుకు చేశామో రాసి పంపాలి. మొదటిది బడిలో ఉన్న ఒక సమస్యని పట్టుకుని పరిష్కరించే ప్రయత్నం, రెండోది టీచర్లకి శిక్షణ, మూడోది ఒక జట్టుతో కలిసి పనిచేయడం.

సమస్యగా నేను మూడో తరగతి హాజరు తీసుకున్నాను. కొంతమంది పిల్లలు నెలకి మూడు నాలుగు రోజులు రావడం లేదు. స్టాఫ్ రూంలో అందరికీ కారణం ముందే తెలుసు: తల్లిదండ్రులకి పట్టింపు లేదు. నేను కూడా అదే రాసేదాన్ని. "నీ దగ్గర ఉన్నది అభిప్రాయం, డేటా కాదు" అని ప్రొఫెసర్ ఎర్ర ఇంకుతో రాసి వెనక్కి పంపారు. సరే అని ఆ పిల్లల గైర్హాజరు తేదీలన్నీ ఎక్సెల్‌లో వేసుకున్నాను. సోమవారాలా, శుక్రవారాలా అని చూశా. ఏ లెక్కా కుదరలేదు. ఒక రోజు మాత్రం 11 మంది ఒకేసారి రాలేదు. ఆ రోజు ఏమైందో నాకు గుర్తుంది, ఎందుకంటే వానలో గొడుగు పట్టుకుని కార్ల లైనులో తడిసి ముద్దయింది నేనే.

వాన పడిన రోజుల్ని పక్కన పెట్టుకుని చూస్తే బొమ్మ తిరిగింది. ఆ 11 మందిలో 9 మంది ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ నుంచి వస్తారు. బడికి మైలున్నర దూరం. మామూలుగా రెండు మైళ్లు దాటితేనే బస్సుకి రాష్ట్రం డబ్బిస్తుంది కాబట్టి వాళ్లకి బస్సు లేదు. చాలా ఇళ్లలో ఒకటే కారు, అది తెల్లవారుజామునే తండ్రితో పనికి వెళ్లిపోతుంది. తల్లి చంకలో చిన్నపిల్లతో ఆరు లైన్ల రోడ్డు దాటి నడిపించుకుని రావాలి. వాన పడితే? నేనైనా పంపను.

ఇది చెప్పినప్పుడు నాన్న ఆశ్చర్యపోలేదు. "పొగాకు టైములో మా పిల్లలు రారు కదమ్మా, సైకిలేసుకుని పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గరికి పోయేవాణ్ని" అన్నారు. జనవరి వస్తే సాయంత్రాలు నాన్న ఇంట్లో ఉండకపోవడం నాకూ గుర్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో మేమెప్పుడూ అడగలేదు. ఆయన ఎక్సెల్ లేకుండా, రిఫ్లెక్షన్ వ్యాసం లేకుండా చేసిన పనికే నేను ఇప్పుడు ఫీజు కట్టి మార్కులు తెచ్చుకుంటున్నాను. ఆ రాత్రి మా ఆయనతో ఈ మాటే అన్నాను. "మరి ఆయన హెడ్మాస్టర్ టెస్టులో ఆ ప్రశ్న వచ్చిందా?" అని అడిగాడు. రాలేదు.

పరిష్కారం గొప్పగా ఏమీ లేదు. ఆ కాంప్లెక్స్‌లో నలుగురు తల్లులు, మా స్కూల్ నుంచి ఇద్దరం కలిసి పొద్దున్నే పిల్లల్ని గుంపుగా నడిపించుకుని రావడం మొదలుపెట్టాం. రోడ్డు దాటే చోట క్రాసింగ్ గార్డు కోసం సిటీకి అర్జీ పెట్టాం. నేను ప్రోగ్రాం ముగించేనాటికి ఆ అర్జీకి జవాబు రాలేదు. రెయిన్‌కోట్లు పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) కొనిచ్చింది. హాజరు కొంత మెరుగైంది, ఇంత శాతం అని గొప్పలు చెప్పుకునేంత కాదు.

మూడో టాస్క్‌కి జట్టుతో పనిచేస్తుండగా 15 నిమిషాల వీడియో తీయాలి. కనిపించే ప్రతి ఒక్కరి దగ్గర సంతకం తీసుకోవాలి. జట్టులో ఒకావిడ కెమెరాకి ససేమిరా అంది, ఆవిడని ఫ్రేములో పడకుండా కూర్చోబెట్టి, పక్కకి వంగొద్దని బతిమాలుకున్నాం. తీసిన వీడియో ఇంటికొచ్చి చూసుకుంటే నాకు గుండె జారింది. 15 నిమిషాల్లో 11 నిమిషాలు నేనే మాట్లాడాను. మైకు దొరికిన ఎమ్మెల్యేలా ఆపకుండా! ఆ టాస్క్ పేరేమో 'సహకార సంస్కృతి'. ఎడిట్ చేయడం కుదరదు. మళ్లీ మీటింగు పెట్టి, చేతిలో పెన్ను గట్టిగా పట్టుకుని, ప్రశ్న అడిగి నోరు మూసుకోవడం సాధన చేశాను. అడిగాక లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకునేదాన్ని. నాలుగు దగ్గర ఎవరో ఒకరు మాట్లాడేవాళ్లు.

అన్నిటికన్నా కష్టం, 22 ఏళ్లుగా పాఠం చెప్తున్న ఒక టీచర్ క్లాసు చూసి ఆవిడతో మాట్లాడడం. టెక్సస్‌లో టీచర్ల మూల్యాంకనానికి టీ-టెస్ అనే పద్ధతి ఉంది, 4 విభాగాలు, 16 అంశాలు. క్లాసు చూశాక కూర్చుని, బాగున్నది ఒకటి, మెరుగుపరచాల్సింది ఒకటి చెప్పాలి. నాది ప్రాక్టీసే, రికార్డుకి ఎక్కదు. అయినా ముందు రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దవాళ్లకి తప్పు చూపించడం మన పెంపకంలోనే లేదు కదా. వెళ్లి కూర్చుని, అభిప్రాయం చెప్పకుండా నా కాగితం ఆవిడ ముందు పెట్టాను. అందులో ప్రశ్నలూ టైములూ తప్ప ఇంకేం లేవు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. చివరికి వేలితో ఒక వరస చూపించి, "వెనక వరస పిల్లల్ని నేను ఒక్కసారి కూడా అడగలేదా?" అంది. నేను తలూపాను. కాగితం జిరాక్స్ కావాలంది.

268 పరీక్ష అయిదు గంటలు. 70 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 4 రాసే ప్రశ్నలు, పాసవడానికి 240 రావాలి. మొదటిసారి 234 వచ్చింది. నాన్నకి చెప్పలేదు. రెండోసారి పాసయ్యాకే, ఒకేసారి పాసైనట్టు చెప్పాను. ఇది చదివితే తెలిసిపోతుంది, తెలియనీ.

సర్టిఫికెట్ వచ్చాక ఏడాది ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలు నాలుగు. ఒకచోట నా యాస పిల్లల తల్లిదండ్రులకి అర్థమవుతుందా అని మొహమాటం లేకుండా అడిగారు. ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఏం చెప్పాలో యూనివర్సిటీ నేర్పలేదు. పొద్దున ఆరున్నరకి ముగ్గురు టీచర్లు సిక్ లీవ్ మెసేజ్ పెడితే ఏం చేయాలో కూడా నేర్పలేదు. అది నిరుడు ఆగస్టులో వేరే స్కూల్లో అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా చేరాక మొదటి వారంలోనే తెలిసొచ్చింది.

చేరిన నెలకి నాన్న ఫోన్ చేశారు. నడుముకి వాకీటాకీ, మెడలో తాళాల గుత్తి చూసి ముచ్చటపడ్డారు.

"జీతాల బిల్లు నువ్వే చేస్తావా?"

"లేదు నాన్నా, అది డిస్ట్రిక్ట్ ఆఫీసు పని."

"క్యాష్ బుక్?"

"అదీ లేదు."

"మరి రోజంతా ఏం చేస్తావమ్మా?"

ఆ రోజు నాలుగు క్లాసులు చూశాను, ఒక తల్లితో గంటసేపు మాట్లాడాను, లంచ్‌లో కెచప్ పొట్లాలు చించిచ్చాను. అవే చెప్పాను. అంతా విని, "మీ దగ్గర వానా?" అన్నారు. నా వెనక కిటికీ కనిపించినట్టుంది.

"అవును, పొద్దున్నుంచీ."

"ఆ పిల్లలు వచ్చారా?"

"తెలీదు నాన్నా. అది పాత స్కూలు కదా."

"కనుక్కో" అన్నారు.